తాడు ఎవరి చేతిలో ఉంది?
నల్లమల సంపద, చట్టాలు, మేము

మా పెద్దలు తేనె తీయడానికి కొండ అంచున తాడు వేసి లోయలోకి దిగేవాళ్ళు. పెద్దతేనె తుట్టెలు మనిషి చెయ్యి అందని రాతిచరియల కింద ఉంటాయి. దిగినవాడి ప్రాణం పైన తాడు పట్టుకున్నవాడి చేతిలో ఉంటుంది. అందుకే ఆ తాడు ఎవరికిపడితే వాళ్ళకు ఇచ్చేవాళ్ళు కాదు. బావమరిదే పట్టాలి. తాడు వదిలితే విధవయ్యేది తన తోబుట్టువే కాబట్టి అతడు వదలడని మావాళ్ళ లెక్క. సొంత అన్నదమ్ముల చేతికి కూడా ఇవ్వని తాడును బావమరిది చేతికి ఇచ్చారు.

చదువుకున్నవాళ్ళు దీన్ని వ్యవస్థ అంటారు, సంస్థ అంటారు. మా పెద్దలు కట్టుబాటు అన్నారు. మాట ఏదైనా సంగతి ఒకటే. తేనె ఎంత ఉందన్నది కొండ చెబుతుంది. ఆ తేనె ఎవరి ఇంటికి చేరుతుందన్నది తాడు పట్టినవాడిని బట్టి ఉంటుంది.

ఈ వ్యాసంలో మేము అడిగే ప్రశ్న కూడా ఇదే. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, దోర్నాల ప్రాంతాన్ని అందరూ కరువు ప్రాంతం అంటారు. పశ్చిమ ప్రకాశం అనగానే ఎండిన బోర్లు, వలసలు గుర్తొస్తాయి. కానీ ఈ నేల పడమటి అంచు పొడవునా నల్లమల ఉంది. వెదురు, తపసి బంక, తేనె, ఇప్పపువ్వు, చిల్లగింజలు, కుంకుళ్ళు, ఉసిరి, మారేడు గడ్డలు ఆ అడవిలో దొరుకుతాయి. నేల కింద దేశమంతా పేరున్న పలకరాయి ఉంది. ఇంత ఉన్నచోట అడవిలో పుట్టినవాళ్ళం అందరికంటే పేదలుగా ఎందుకు మిగిలాం? మావాళ్ళు సోమరులని కొందరు, అమాయకులని కొందరు జవాబు చెబుతారు. నూట నలభై ఏళ్ళ చట్టాల చరిత్ర చూస్తే వేరే జవాబు కనిపిస్తుంది.

అడవికి గీతలు గీసిన కాలం

చట్టాలు రాకముందు అడవి ఎవరిదీ కాదని, దొరికినవాడు దొరికినంత తీసుకున్నాడని బయటివాళ్ళు అనుకుంటారు. అది తప్పు. ఏ గూడెం వాళ్ళు ఏ కొండ మీద తిరగాలో, ఏ వాగు ఎవరి హద్దో మా ఇంటిపేర్ల వాళ్ళకు తెలుసు. ఒక గూడెం హద్దులో మరో గూడెం వాళ్ళు తేనె తీయాలంటే అడగాలి. శ్రీశైలం వెళ్ళే యాత్రికులకు దారి చూపడం, కాపలా కాయడం మావాళ్ళ పని. దానికి ప్రతిఫలం ఉండేది. మల్లన్నను చెంచు మల్లయ్య అని, అహోబిలం నరసింహుణ్ణి మా ఇంటి అల్లుడు అని పిలుచుకునే హక్కు కూడా ఆ బంధంలోంచే వచ్చింది. కాగితం లేదు గానీ కట్టుబాటు ఉంది.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అప్పటికి మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లాలో ఉన్నాయి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడే ఈ ప్రాంతం కర్నూలు నుంచి విడిపోయింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. 1882 చట్టం నడిచిన తీరు ఇది. ప్రభుత్వం ఫలానా భూమిని రిజర్వు అడవి చేయబోతున్నామని ప్రకటిస్తుంది. హక్కులున్నవాళ్ళు గడువులోగా సెటిల్‌మెంట్ అధికారి ముందుకు వచ్చి చెప్పుకోవాలి. చెప్పుకోని హక్కు రద్దయిపోతుంది.

పైకి చూస్తే న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఆ ప్రకటన కాగితం మీద వచ్చింది, మా హక్కు నోటి మాటలో ఉంది. కొండల నడుమ పెంటల్లో ఉన్నవాళ్ళకు గడువంటే ఏమిటో, కచేరీ ఎక్కడుందో తెలియదు. పిల్లలకు అక్షరాలు నేర్పుతున్న మాకు ఈ విషయం తలచుకున్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. తాతలు యుద్ధంలో ఓడి అడవిని పోగొట్టుకోలేదు. ఒక నోటీసు చదవలేక పోగొట్టుకున్నారు.

మద్రాసు ప్రభుత్వంలోనే దీనికి ముందు పెద్ద వాదన నడిచింది. అడవుల మీద ఊళ్ళకు పాత హక్కులున్నాయని, వాటిని కాదనలేమని రెవెన్యూ బోర్డు అధికారులు అభ్యంతరం చెప్పారు. చివరికి అటవీ శాఖ మాటే నెగ్గింది. ఎందుకు నెగ్గిందో తెలియాలంటే నంద్యాల నుంచి గిద్దలూరు వైపు రైల్లో రావాలి. 19వ శతాబ్దం చివర్లో నల్లమలను తొలిచి బొగద సొరంగం, లోయ మీద దొరబావి వంతెన కట్టి రైలు తెచ్చారు. పట్టాల కింద స్లీపర్లకు కలప కావాలి, ఇంజన్లకు కట్టె కావాలి. అడవి విలువ రైలు లెక్కల్లోకి వచ్చింది. మా లెక్క అందులో లేదు.

దెబ్బ మాకొక్కరికే తగల్లేదు. అడవి అంచున పశువులు మేపుకునే రైతులకు పుల్లరి పన్ను పడింది. మాకు ఆనుకునే ఉన్న పల్నాడులో 1921లో పుల్లరి కట్టమని జనం తిరగబడ్డారు. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో ప్రాణమిచ్చాడు. ఆ తర్వాతి ఏళ్ళలో ప్రభుత్వం కొంత దిగివచ్చి కొన్ని అడవులను పంచాయతీల చేతికి ఇచ్చింది. గొంతు ఉన్న ఊళ్ళకు కొంత దక్కింది. పెంటల్లో ఉన్నవాళ్ళం కూపుల్లో వెదురు నరికే కూలీలమయ్యాం. నిన్నటిదాకా మాదైన వెదురుకు ఈరోజు కట్టకు ఇంతని కూలి. నల్లమల వెదురు కాగితం మిల్లులకు పోయింది. ఆ కాగితం మీద చదువుకునే పిల్లలు మా గూడేల్లో చాలాకాలం లేరు.

సంత, షావుకారు, కార్పొరేషన్

అడవి సర్కారుదైనా అడవి సరుకును మోసుకొచ్చేది మేమే. అమ్ముకునేది సంతలో. మా తాతల కాలం సంతల కథలు వింటూ పెరిగాం. షావుకారు ముందుగా ఉప్పు, బట్ట, మిరపకాయలు అప్పిచ్చేవాడు. తేనె, బంక వచ్చినప్పుడు అప్పు కింద జమ వేసుకునేవాడు. తూకం రాయి అతనిదే, లెక్క పుస్తకం అతనిదే, ధరా అతనిదే. మా తాత ఒకాయన జీవితమంతా తేనె పోసి కూడా అప్పు తీర్చలేదు. అప్పు ఎంతో ఆయనకు ఎన్నడూ తెలియలేదు.

1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. మనం జీసీసీ అని పిలుచుకునేది దాన్నే. అది ఒకవైపు అడవి సరుకు కొంటుంది, మరోవైపు డి.ఆర్. డిపోల ద్వారా బియ్యం, ఉప్పు, పప్పు అమ్ముతుంది. ఈ ఏర్పాటు వెనుక ఆలోచన చాలా తెలివైనది. షావుకారి బలం తూకంలోనే కాదు, అప్పులో కూడా ఉంది. కొనేవాడు, అమ్మేవాడు, అప్పిచ్చేవాడు ఒకడే అయినప్పుడు మనిషి కట్టుబడిపోతాడు. ఆ మూడు పనులనూ షావుకారి చేతిలోంచి తీసి ఒక సహకార సంస్థలో పెట్టారు. ముందే ప్రకటించిన ధర ఉంటే, తిరిగి తూచి చూడగల త్రాసు ఉంటే, అడవి సరుకు విలువ కొంతైనా ఏరినవాడికి చేరుతుంది. ఈ మేలును మేము మరచిపోలేము.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. 1979 రెగ్యులేషన్ షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఫలసాయం కొనే హక్కును జీసీసీకే ఇచ్చింది. ఒక్కడే కొనేవాడు మంచివాడైతే రక్షణ, ధర పెంచకపోతే ఇబ్బంది. కాపాడటానికి కట్టిన గోడే దారికి అడ్డం కావచ్చు. దీని మీద ఏజెన్సీ మిత్రులు చాలా రాశారు కాబట్టి మేము పొడిగించం.

మేము చెప్పాల్సింది తపసి బంక గురించి. తపసి చెట్టు తెల్లని బెరడుతో రాళ్ళ మధ్య పెరుగుతుంది. దాని బెరడుకు గాటు పెడితే జిగురు ఊరుతుంది. మందుల తయారీకి, తినుబండారాలకు వాడే ఈ బంక విదేశాలకు కూడా పోతుంది. తెల్లగా, బెరడు ముక్కలు లేకుండా ఉంటే మొదటి రకం, రంగు మారి మురికి పట్టితే కింది రకం. రకాన్ని బట్టి ధర చాలా మారుతుంది.

రకం చూడకుండా బరువుకే డబ్బిచ్చే దళారులు ఉన్నప్పుడు మావాళ్ళు ఏం చేశారో దాచకుండా చెప్పుకోవాలి. గొడ్డలితో పెద్ద గాట్లు పెట్టారు. ఈసారి మేము తీయకపోతే ఇంకెవరో తీస్తారన్న భయంతో లేత చెట్లను కూడా వదల్లేదు. చెట్లు ఎండిపోయాయి. చెట్టు సర్కారుదని చట్టం చెప్పింది, సర్కారు కాపలా కాయలేకపోయింది, పాత గూడెం హద్దులు చెరిగిపోయాయి. ఎవరిదీ కాని చెట్టుకు ఎవరూ దయ చూపరు. తర్వాత జీసీసీ, స్వచ్ఛంద సంస్థలు కలిసి చిన్న గాటు పెట్టడం, గాయం మానేదాకా ఆగడం, బంకను శుభ్రంగా ఏరడం నేర్పాయి. రకానికి తగిన ధర ఇవ్వడం మొదలయ్యాక అదే మనిషి, అదే చెట్టు దగ్గర మెల్లగా నడుచుకున్నాడు. అంతకుముందు మావాళ్ళకు బుద్ధి లేక కాదు. బుద్ధిగా ఉన్నవాడికి నష్టం వచ్చే ఏర్పాటు ఉండింది. ఏర్పాటు మారింది, చెయ్యి మారింది.

ఏజెన్సీ అనే మాట మాకు లేదు

ఈ సంకలనం చదివే పాడేరు, అరకు, సీతంపేట మిత్రులకు ఏజెన్సీ అన్న మాట పుట్టుకతో తెలుసు. మాకు ఆ మాట లేదు. ఇది చాలామందికి తెలియని విషయం కాబట్టి వివరంగా చెబుతాం.

కృష్ణకు ఆవలి ఒడ్డున అమ్రాబాద్ పీఠభూమి ఉంది. అక్కడ కూడా చెంచులే, అక్కడ కూడా నల్లమలే. అది నిజాం రాజ్యంలో ఉండేది. 1940లో హైమెండార్ఫ్ అనే పరిశోధకుడు వాళ్ళ మధ్య ఉండి చూసి, 1943లో చెంచుల మీద పుస్తకం ప్రచురించాడు. ఆయన సూచనల మీద నిజాం ప్రభుత్వం అమ్రాబాద్‌లో చెంచులకు ప్రత్యేక ప్రాంతాన్ని కేటాయించింది. తర్వాత రాజ్యాంగం వచ్చి ఐదో షెడ్యూలు కింద ప్రాంతాలను గుర్తించినప్పుడు ఆవలి ఒడ్డు షెడ్యూల్డు ప్రాంతమైంది. ఈవలి ఒడ్డున ఉన్న మేము మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. ఇక్కడ విశాఖ, గోదావరి మన్యాలనే గుర్తించారు. కర్నూలు జిల్లా నల్లమల ఆ జాబితాలోకి రాలేదు.

ఏటికి అటు బావ, ఇటు బావమరిది. అదే ఇంటిపేర్లు, అదే దేవుళ్ళు, అదే తేనె. ఒక గీత పడటంతో రెండు చట్టాల కిందికి వచ్చాం. 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్, దాన్ని గట్టిచేసిన 1970 సవరణ మాకు వర్తించవు. 1979 రెగ్యులేషన్ వర్తించదు. 1996 నాటి పెసా చట్టం వర్తించదు. 1997 జూలైలో సమత కేసులో సుప్రీంకోర్టు చరిత్రాత్మక తీర్పు ఇచ్చింది. విశాఖ జిల్లా అనంతగిరి, బొర్రా వైపు ఆదివాసుల పక్షాన నిలబడి, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవన్నది. దేశమంతా ఆదివాసులు పండుగ చేసుకున్న తీర్పు అది. మేమూ సంతోషించాం. కానీ ఆ గొడుగు కింద మా గూడేలు లేవు.

ప్రభుత్వం మమ్మల్ని పూర్తిగా మరచిందని అనలేం. 1970ల మధ్యలో చెంచులను ఆదిమ తెగగా గుర్తించి, మా కోసమే శ్రీశైలం దగ్గర సున్నిపెంటలో ఐటీడీఏ పెట్టారు. బడులు, ఆశ్రమ పాఠశాలలు, ఇళ్ళు వచ్చాయి. మాలో కొందరం టీటీసీ చదివి పంతుళ్ళమయ్యామంటే ఆ దారిలోనే. కానీ పథకం వేరు, హక్కు వేరు. పథకం ఇచ్చేవాడి దయ మీద, ఆ ఏటి బడ్జెట్ మీద ఆధారపడుతుంది. హక్కు ఉంటే అడిగే పని లేదు.

మార్కాపురం పలక

అడవి దిగి ఊరి వైపు వస్తే రెండో సంపద కనిపిస్తుంది. మార్కాపురం పలక. మేము అ ఆలు దిద్దింది దాని మీదే, మా బడి పిల్లల చేత మొదట్లో దిద్దించింది దాని మీదే. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాతిపొరలకు పెట్టిన పేర్లు మా ఊళ్ళవి, మా కొండలవి. వాళ్ళ పుస్తకాల్లో ఇది నల్లమల శ్రేణికి చెందిన కంభం పొర. పేరు మాత్రం మాకు దక్కింది.

పలకరాయి పొరలు పొరలుగా విడిపోతుంది. పెద్ద యంత్రం అక్కర్లేదు. ఉలి, సుత్తి, ఓపిక ఉంటే చాలు. అందుకే ఇది వందలాది చిన్న షెడ్లలో విస్తరించింది. చిన్న పరిశ్రమ అంటే పేదవాడికి మేలని మనం అనుకుంటాం. కానీ ఇక్కడ పనికి హాజరు పట్టీ లేదు, దుమ్ముకు అడ్డం లేదు, కూలికి కనీస రేటు లేదు. ముక్కకు ఇంతని కూలి కాబట్టి ఇంట్లో పిల్లలు కూడా కూర్చుంటే నాలుగు ముక్కలు ఎక్కువ వస్తాయి. రాతిని కోసేటప్పుడు లేచే సన్నని పొడి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అది చేసే కీడు ఏళ్ళ తర్వాత గానీ బయటపడదు. అప్పటికి పని ఇచ్చినవాడి పుస్తకంలో ఆ మనిషి పేరే ఉండదు.

1986లో బాలకార్మిక నిషేధ చట్టం, 1987లో జాతీయ విధానం వచ్చాయి. దాని కింద 1988లో జాతీయ బాలకార్మిక ప్రాజెక్టులు మొదలుపెట్టినప్పుడు దేశం మొత్తంలో ఎంచుకున్న కొద్ది చోట్లలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజులు, మీర్జాపూర్ తివాచీల సరసన మా ఊరి పేరు చేరింది. దేశంలో పిల్లలు చదువు మొదలుపెట్టే వస్తువును, చదువు మానేసిన పిల్లలు తయారుచేశారు. దీనికంటే చేదైన మాట ఉపాధ్యాయులమైన మాకు మరొకటి తెలియదు.

తర్వాత నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి రాతిపలక వెనకబడింది. రాయి గోడలకు, నేలకు పరిచే బిళ్ళలుగా మారి ఎగుమతి బాట పట్టింది. సరుకు మారింది గానీ ప్రశ్న మారలేదు. సీనరేజి ప్రభుత్వానికి, లాభం వ్యాపారికి, దుమ్ము కూలివాడికి. 2015లో గనుల చట్టాన్ని సవరించి, గనులున్న జిల్లాల్లో ఖనిజ నిధి పెట్టాలని, తవ్వకంతో దెబ్బతిన్నవారి బాగుకు అది ఖర్చు చేయాలని నిర్ణయించారు. మంచి ఆలోచన. అయితే ఆ నిధి దేనికి వాడాలో తేల్చే బల్ల దగ్గర దుమ్ము పీల్చినవాడికి కుర్చీ ఉందా లేదా అన్నదాని మీదే దాని ఫలితం ఆధారపడుతుంది.

పులి, కోర్టు, కలహారి

1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ఏర్పడింది. 1983లో పులుల ప్రాజెక్టు కిందికి వచ్చింది. ఐదు జిల్లాల్లో 3,568 చదరపు కిలోమీటర్ల ఆ రిజర్వు అప్పట్లో దేశంలోనే పెద్దది. మా గూడేలు కొన్ని దాని కడుపులోనే ఉన్నాయి. 1990లో గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం కూడా వచ్చింది. అడవి కొట్టే గొడ్డలి ఆగింది, అది మేలే. పులితో మాకు పగ లేదు. అది బతికితేనే అడవి బతుకుతుందని మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ 2000 ఫిబ్రవరిలో అభయారణ్యాల నుంచి ఎండుకట్టె, గడ్డి వంటివి కూడా తీసుకుపోరాదని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశాన్ని చూపి బంకను, తేనెను కూడా ఆపిన సందర్భాలు ఉన్నాయి. కలప దొంగకూ, తేనె ఏరే చెంచుకూ మధ్య తేడా చట్టం కంటికి కనిపించకుండా పోయింది.

ఇలా జరిగింది మాకొక్కరికే కాదు. సహజ సంపదను బాగా వాడుకున్న దేశమంటే అందరూ ఆఫ్రికాలోని బోట్స్‌వానా పేరు చెబుతారు. 1966లో స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే అక్కడ వజ్రాలు బయటపడ్డాయి. ఖనిజాలు ఏ ఒక్క తెగవీ కావు, దేశానివని చట్టం చేసి, ఆ డబ్బుతో రోడ్లు, బడులు, ఆస్పత్రులు కట్టారు. అదే ఖండంలో సియెర్రా లియోన్‌లో వజ్రాలే 1991 నుంచి పదకొండేళ్ళు సాగిన యుద్ధానికి ఇంధనమయ్యాయి. రాయి ఒకటే, కట్టుబాట్లు వేరు. పాఠ్యపుస్తకాల్లో కథ ఇక్కడితో ఆగుతుంది.

మేము ఇంకొంచెం ముందుకు వెళ్ళి చూస్తాం. ఆ మంచి బోట్స్‌వానాలోనే కలహారి ఎడారిలో వేట, దుంపలు, తేనెతో బతికే సాన్ జనం ఉన్నారు. మాలాంటివాళ్ళే. 1997లో, 2002లో వాళ్ళను వన్యప్రాణి రిజర్వు నుంచి బయటికి పంపారు. వాళ్ళు కోర్టుకు వెళ్ళి 2006 డిసెంబరులో గెలిచారు. దేశానికంతటికీ మంచిదైన ఏర్పాటు కూడా దాని అంచున ఉన్నవాడికి మంచిది కాకపోవచ్చు. సంపద దేశానిదా కంపెనీదా అని అడిగి ఊరుకుంటే చాలదు. అక్కడే బతికేవాడి మాట ఆ ఏర్పాటులో ఉందా అని కూడా అడగాలి.

గీతను పట్టించుకోని చట్టం

చిత్రమేమిటంటే అదే 2006 డిసెంబరులో మన పార్లమెంటు అటవీ హక్కుల చట్టాన్ని ఆమోదించింది. మాకు సంబంధించి ఆ చట్టంలో పెద్ద విషయం ఒకటుంది. షెడ్యూల్డు ప్రాంతమా కాదా అని అది చూడదు. మేము నూట యాభై ఏళ్ళలో చూసిన గీతలను పట్టించుకోని మొదటి చట్టం ఇది. అభయారణ్యాల్లోనూ వర్తిస్తుంది. చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్య హక్కు ఇస్తుంది. వెదురును ఆ జాబితాలో చేర్చింది. ఆదిమ తెగలకు ఆవాస ప్రాంతం మీద హక్కును ప్రత్యేకంగా చెప్పింది. గ్రామసభ ఒప్పుకోకుండా ఎవరినీ తరలించకూడదంది. సర్వే కాని పాత గూడేన్ని కూడా ఊరుగా ఒప్పుకుంది. 1882లో మా తాతలు పోగొట్టుకున్నవన్నీ ఇందులో పేరుపేరునా ఉన్నాయి.

దీని బలమేమిటో మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా గోండులు చూపించారు. 2011 ఏప్రిల్‌లో వాళ్ళ గ్రామసభ వెదురు రవాణా పర్మిట్లు తానే ఇచ్చే అధికారం పొందింది. వెదురు అమ్మకం డబ్బు ఊరి ఖాతాలోకి వచ్చింది. 2013లో ఒడిశా నియమగిరిలో డోంగ్రియా కోందుల పన్నెండు గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దని తీర్మానించి కొండను నిలుపుకున్నాయి. మాలాగే ఆదిమ తెగ వాళ్ళు.

మా దగ్గర ఎక్కువ మాట్లాడుకున్నది వ్యక్తిగత పట్టాల గురించే. ఎకరమో రెండెకరాలో పట్టా వస్తే సంతోషమే. కానీ చెంచు బతుకు రెండెకరాల్లో లేదు. తేనె కొండల్లో, తపసి చెట్ల మీద, వాగుల వెంట ఉంది. దానికి కావాల్సింది ఊరుమ్మడి హక్కు. వన సంరక్షణ సమితులు ఉన్నాయి కదా అంటారు. 1992 తర్వాత వచ్చిన ఆ సమితుల వల్ల కూలి పని దొరికింది, కాదనం. కానీ సమితి అటవీ శాఖ ఏర్పాటుచేసింది, శాఖ రద్దు చేయగలది. గ్రామసభ హక్కును ఏ అధికారీ రద్దు చేయలేడు. తాడు మన చేతిలో ఉండటానికీ, మనం మరొకరి తాడుకు వేలాడటానికీ ఉన్న తేడా అదే.

మరి పని ఎక్కడ మొదలుపెట్టాలి? మా బడి నుంచే అంటాం. 1882లో నోటీసు చదివేవాడు లేడు. ఇప్పుడు గూడేనికి ఒకరిద్దరైనా చదివినవాళ్ళు ఉన్నారు. అటవీ హక్కుల కమిటీలో ఎవరున్నారో మన గూడెం వాళ్ళకు తెలుసా? చివరి గ్రామసభ తీర్మానం పుస్తకంలో ఏం రాసుంది, దాన్ని చదివి వినిపించారా? మన తేనె కొండల పేర్లు, వాగుల పేర్లు, పాత పెంటల ఆనవాళ్ళు ముసలివాళ్ళ నోట ఉన్నాయి. వాళ్ళు పోకముందే రాసి, పటం గీసి, దరఖాస్తుకు జత చేయాలి. చట్టం పెద్దల సాక్ష్యాన్ని కూడా ఆధారంగా ఒప్పుకుంటుంది. ఒకప్పుడు మా హక్కును చంపిన నోటి మాటే ఇప్పుడు సాక్ష్యం. రాసిపెట్టేవాడు ఉండాలి, అంతే.

మా తరగతిలో ఒక ఏడాది నాలుగో తరగతి పిల్లల చేత వాళ్ళ తాతలు తిరిగిన కొండల పేర్లు రాయించాం. నలభై దాకా వచ్చాయి. గోడకున్న ప్రభుత్వ పటంలో అందులో మూడో నాలుగో ఉన్నాయి. మిగతావి పిల్లలు సుద్దముక్కతో మార్కాపురం పలకల మీద రాశారు. పలక మీద రాత తడిగుడ్డతో పోతుంది. వాటిని గ్రామసభ పుస్తకంలోకి ఎక్కించే పని మనది.